సంతకు కోసే కాయ వేరు, రసానికి కోసే కాయ వేరు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి సంచికలో పెరటి ద్రాక్షపందిరి గురించి ఒక పాఠకురాలికి ఇచ్చిన చిన్న జవాబు చదివి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలామంది ద్రాక్ష గురించే రాశారు. నాలుగైదు కుటుంబాలు కలిసి తోటకు వెళ్ళి, తమ చేతులతో కాయ కోసుకుని, ఇంట్లో రసం తీసుకోవాలన్న కోరిక ఆ ఉత్తరాలన్నిటిలోనూ ఉంది. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో లోడై అనే ఊరి దగ్గర ఉంటాడు. సెప్టెంబరులో మేము అక్కడ ఉన్నప్పుడు వాళ్ళ వీధిలో ఎనిమిది ఇళ్ళవాళ్ళు కలిసి ఒక రైతుతో ముందే మాట్లాడుకుని, తెల్లవారకముందే పిల్లాపాపలతో తోటకు వెళ్ళి, ద్రాక్ష కోసుకొచ్చి ఇళ్ళల్లో వైన్ పెట్టుకున్నారు. మేము కూడా వెళ్ళి రెండు గంటలు కోశాము. ఈ సంగతి విని మా అపార్టుమెంటువాళ్ళు మనం కూడా చేద్దామని పట్టుబడుతున్నారు. ఇక్కడ కుదురుతుందా?
– విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు, నెల్లూరు

జవాబు: మీరు చూసిన ఆనవాయితీ ఆ ఊళ్ళో నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం అమలైన రోజుల్లో వైన్ తయారీశాలలు చాలావరకు మూతపడినా, ఇంటి వాడకానికి పండ్ల రసం పెట్టుకునే వెసులుబాటు చట్టంలో మిగిలి ఉండడంతో, లోడై ద్రాక్ష రైళ్ళకెక్కి తూర్పు తీర నగరాల్లోని ఇళ్ళకు చేరింది. ఇప్పుడు కూడా అక్కడి కేంద్ర చట్టం ప్రకారం ఇంట్లో వయోజనులు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే సుమారు 378 లీటర్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు, అమ్మకానికి కాకుండా సొంతానికి పన్ను లేకుండా తయారు చేసుకోవచ్చు.

మన రాష్ట్రంలో ఆ వీలు లేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడమే నేరం; ఒక్క సీసా కూడా అమ్మలేదన్న మాట అక్కడ చెల్లదు. పండగకు రెండు సీసాలే కదా అని తేలికగా తీసుకుంటారేమోనని ఈ సంగతి ముందే చెబుతున్నాను. దయచేసి పులియబెట్టే ఆలోచన మానుకోండి.

అయితే మీరు అక్కడ చూసినదాంట్లో సగం మాత్రమే వైన్. మిగిలిన సగం, అంటే నాలుగిళ్ళు కలిసి ఒక తోటను ఎంచుకోవడం, పండే రోజు కోసం ఓపిక పట్టడం, పండిన రోజున అందరూ కలిసి కోయడం, కోసినరోజే పని ముగించడం, ఇవన్నీ తాజా రసానికి కూడా అక్షరాలా వర్తిస్తాయి. ద్రాక్ష అరటిలాగా, మామిడిలాగా కోసిన తరువాత మగ్గే కాయ కాదు. తీగ మీద ఎంత తీపి ఎక్కితే అంతే. కత్తెర పడిన క్షణం నుంచి ఒక్క పిసరు కూడా పెరగదు. బేరగాడికి కాయ లారీలో, గిడ్డంగిలో, బండి మీద నాలుగైదు రోజులు నిలవాలి కనుక, కొంచెం గట్టిగా ఉన్నప్పుడే కోయించక తప్పదు. అందులో అతని తప్పేమీ లేదు. మీరు కోసినరోజే పిండేవాళ్ళు కనుక మరో వారం, పది రోజులు ఆగగలరు. సంతలో ఎంత ధర పెట్టినా దొరకని ఆ పది రోజుల తీపి కోసమే మనం తోట దాకా వెళ్ళాలి.

తోట ఎక్కడ దొరుకుతుందంటారా? మన రెండు జిల్లాల్లో ద్రాక్ష విస్తారంగా వేసే పంట కాదు. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ చెట్లు కనిపించినంత సులువుగా ద్రాక్షపందిళ్ళు కనిపించవు. దానికి కారణం మన వానే. దక్షిణాదిలో చాలాచోట్ల ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు చేసి ఒక పంట తీస్తారు: ఏప్రిల్‌లో ఒకటి, కాయ కోసం అక్టోబరులో మరొకటి. అక్టోబరు కత్తిరింపు తరువాత లేత చిగురు వచ్చే వేళకే నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనం, దాని వెనుకే వాయుగుండాలు వస్తాయి. తడిసిన చిగురుకు బూజు తెగులు పట్టడానికి రెండు రోజులు చాలు. అందువల్ల తీరం విడిచి ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు మెట్ట పొలాల్లో ఎకరం, అరెకరం వేసిన రైతులెవరైనా ఉన్నారేమో విచారించండి. మీ మండల ఉద్యాన అధికారికి ఈ వివరం తెలిసి ఉంటుంది. కాయ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తుంది కాబట్టి జనవరిలోనే వెళ్ళి మాట్లాడుకోండి.

ప్రశ్న: మా చర్చి సంఘంలో ప్రభురాత్రి భోజనానికి (యేసు చివరి భోజనాన్ని తలుచుకునే ఆరాధనకు) ఏళ్ళ తరబడి ఎండు ద్రాక్ష ఉడికించిన నీళ్ళో, దుకాణంలో కొన్న స్క్వాషో వాడుతున్నాము. ఈసారి స్త్రీల సమాజం తరఫున పన్నెండుమందిమి తోటకు వెళ్ళి తాజా ద్రాక్ష తెచ్చి, ఏడాదికి సరిపడా రసం తీయాలనుకుంటున్నాము. కాయ పండిందో లేదో తెలుసుకోవడం ఎలా? రంగు చూస్తే చాలదా?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. పులియని ద్రాక్షరసాన్ని సీసాలో నిలవ చేసే పద్ధతి పుట్టినదే ప్రభురాత్రి భోజనం కోసం. 1869లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వైన్‌ల్యాండ్ పట్టణంలో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే దంతవైద్యుడు, తన చర్చిలో మత్తు లేని రసం వాడాలన్న పట్టుదలతో, ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ కనుగొన్న వేడిచేసే పద్ధతిని ద్రాక్షరసానికి ఉపయోగించి చూశాడు. నెల్లూరులో 1840లో, ఒంగోలులో 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషను పని మొదలుపెట్టిన నేల మీద మీరు ఇప్పుడు ఆ పని తలపెట్టడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది. పైగా మంచి శుక్రవారం, ఈస్టరు మన ద్రాక్ష కోతకాలంలోనే వస్తాయి.

రంగు చూస్తే చాలదు. నల్లద్రాక్షలో రంగు ముందు వస్తుంది, తీపి వెనుక వస్తుంది. పూర్తిగా నల్లబడిన కాయ కూడా నోట్లో వేసుకుంటే పళ్ళు పులిసేలా ఉండవచ్చు. గుత్తిలో భుజం దగ్గరి కాయ ముందు పండుతుంది, కొసన వేలాడే కాయ ఆఖరున పండుతుంది. రైతు మర్యాదకు చేతికిచ్చే కాయ ఎప్పుడూ భుజం కాయే కనుక మీరు కొస కాయను కొరికి చూడండి. గింజ ఉన్న రకమైతే గింజను బయటికి తీసి చూడండి: పచ్చగా ఉంటే ఇంకా ఆగాలి, గోధుమరంగుకు తిరిగి, పంటికింద పలుకులా విరిగితే పండినట్టు. కాడ కూడా పచ్చదనం తగ్గి కట్టెలా గట్టిపడుతుంది.

వీలైతే చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు ఒకటి అందరూ కలిసి కొనుక్కోండి. చెరకు రైతులు ‘బ్రిక్స్ చూడడం’ అంటారే, అది దీనితోనే. నూరు గ్రాముల రసంలో చక్కెర సుమారుగా ఎన్ని గ్రాములుందో బ్రిక్స్ అంకె చెబుతుంది. ఒక్క గుత్తి చూసి తీర్పు చెప్పకూడదు. ఇరవై తీగల దగ్గర, ఎండ తగిలే వైపు కొన్ని, నీడలో కొన్ని, పైన కొన్ని, కింద కొన్ని కలిపి సుమారు నూరు కాయలు ప్లాస్టిక్ కవరులో వేసి బయటినుంచే నలిపి, ఆ రసం కలియబెట్టి ఒక చుక్క అద్దం మీద వేయండి. మూత మూసి వెలుగుకేసి చూస్తే పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె దగ్గర నిలిస్తే అదే తీపి. థామ్సన్ సీడ్‌లెస్ అనే తెల్ల రకమైతే 18 దాటేవరకు ఆగండి. అనాబ్-ఎ-షాహీ అనే మరో తెల్ల రకం పండిన తరువాత కూడా 15, 16 దగ్గరే ఉంటుంది, దాని స్వభావం అంతే. నా మాట వింటే రసానికి బెంగళూరు నీలం గానీ పన్నీరు ద్రాక్ష గానీ వెతకండి. ఈ రెండింటి వాసన, రంగు తెల్ల రకాలకు రావు. పన్నీరు ద్రాక్షకు పేరుపడ్డ ఊరు తమిళనాడు తేని జిల్లాలోని కంబం. చెరువు ఉన్న మన కంభం అనుకుని అటు బయలుదేరకండి.

అలాగని తీపి కోసం అదేపనిగా ఎదురుచూడడం కూడా మంచిది కాదు. మార్చి ఎండలు ముదిరాక కాయలో పులుపు వేగంగా పడిపోతుంది, అప్పుడు రసం తియ్యగా ఉన్నా చప్పగా, ప్రాణం లేనట్టుగా ఉంటుంది. మొదటి పరీక్ష చేసిన దగ్గర్నుంచి మూడు రోజులకొకసారి చూస్తూ, అంకె పెరగడం మందగించి, నోటికి తీపి, పులుపు రెండూ తెలుస్తున్న రోజున కోయండి.

వాన విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. మూడేళ్ళ కిందట మేము ఏడు కుటుంబాలవాళ్ళం కనిగిరి వైపు ఒక తోటలో కాయ మాట్లాడుకున్నాము. ఆదివారం కోత అనుకున్నాము. శనివారం రాత్రి అకాల వర్షం కురిసింది. ట్రాలీ ఆటో వచ్చేసింది, దూరం నుంచి బంధువులు వచ్చేశారు, వంటలు కూడా తోట దగ్గరికి వచ్చేశాయి. రెండు మూడు రోజులు ఆగమని రైతు మెల్లగా చెప్పాడు. మేము వినలేదు. అంతకు ముందు వారం 18 చూపించిన కాయ ఆ ఉదయం 15 చూపించింది, ఎందుకంటే వేరు తాగిన నీరంతా కాయలోకి ఎక్కింది. తొక్కలు పగిలిన కాయలు క్రేట్ల అడుగున నలిగి, ఒంగోలు చేరేసరికి చీమలు, చిన్న ఈగలు ముసిరాయి. మూడో వంతు పారబోశాము. రైతు ఆగమంటే ఆగండి. కోత తేదీ పెట్టేది మీరు కాదు, తోట.

కోత తెల్లవారుతూనే మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించండి. గుత్తిని కాడ దగ్గరే పట్టుకుని కత్తెరతో కోయాలి. కాయను అరచేత్తో పట్టి లాగితే తొడిమ ఊడిన చోట రసం కారి, అక్కడే పులియడం మొదలవుతుంది. ఎండిన, బూజుపట్టిన కాయలను అక్కడికక్కడే ఏరి పారేయండి. 20 కిలోల క్రేటును పైఅంచుకు జానెడు తక్కువగా నింపి గోనెపట్టా కప్పండి. పన్నెండుమందీ ఎవరి బుట్ట వాళ్ళు నింపుకోవద్దు. ఎవరికి మంచి తీగ దొరికిందన్న మాట తప్పకుండా వస్తుంది. అంతా ఒకచోట పోసి, కాటా మీద ఖాళీ క్రేటు బరువు తీసేసి, తూకంతో పంచుకోండి. లెక్క రాసే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. పది కిలోల కాయకు సుమారు ఆరు లీటర్ల రసం వస్తుందని అంచనా వేసుకుంటే ఎంత కొనాలో తేలుతుంది.

ప్రశ్న: ద్రాక్ష మీద తెల్లటి పొడి కనిపిస్తుంది, అది మందేనని మా ఇంట్లో అందరి భయం. ఉప్పునీళ్ళలో నానబెడితే పోతుందా?
– గృహిణి, పొదలకూరు

జవాబు: కాయంతా సమంగా, మంచు పట్టినట్టు ఉండే ఆ పలుచటి పొర ద్రాక్ష సహజంగా పుట్టించుకునే మైనం. వేలితో తుడిస్తే కింద తొక్క నిగనిగలాడుతుంది. అది చెక్కుచెదరకుండా ఉందంటే కాయను ఎక్కువ చేతులు తాకలేదని అర్థం. అదే పొడి బూడిదరంగులో మచ్చలు మచ్చలుగా ఉండి, తుడిచినా కింద తొక్క గోధుమరంగులో గరుకుగా, పగుళ్ళతో కనిపిస్తే అది బూడిద తెగులు. అటువంటి గుత్తి రసంలో పడితే కుండంతా ముక్కవాసన వేస్తుంది.

మందుల భయం మాత్రం నిజమైనదే, కానీ దానికి విరుగుడు ఉప్పునీరు కాదు. పైన పడిన దుమ్మును, కొంత మందును పారే నీరు కడిగేస్తుంది గానీ, మొక్క లోపలికి పీల్చుకునే మందులు ఏ నీళ్ళకూ పోవు. ప్రతి మందుకూ చివరిసారి చల్లిన తరువాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. పుణె దగ్గర మాంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా ద్రాక్షకు వాడదగిన మందుల జాబితాను ఈ గడువులతో సహా ప్రచురిస్తుంది. కనుక ధర మాట్లాడే రోజునే రైతును ఏ మందు, ఏ తేదీన చల్లారో అడిగి రాసుకోండి. గడువు పూర్తికాకపోతే కోత వాయిదా వేయండి. నిజాయితీగా సేద్యం చేసే రైతు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. కడగడం మాత్రం ఇంటికి వచ్చాక, పిండడానికి కొంచెం ముందే చేయండి. తోటలో కడిగి తడిగా క్రేట్లలో పెడితే సాయంత్రానికి కుళ్ళు మొదలవుతుంది.

ప్రశ్న: నాకు ముప్పాతిక ఎకరం ద్రాక్షపందిరి ఉంది. పట్నం నుంచి పదిమంది కలిసి వచ్చి సొంతంగా కోసుకుంటామని అడుగుతున్నారు. బేరగాడు తోటంతా గుత్తగా తీసుకుంటానంటున్నాడు. ఎవరికి ఇవ్వమంటారు?
– రైతు, ఉదయగిరి ప్రాంతం

జవాబు: తోటంతా పట్నంవాళ్ళ మీద ఆధారపడి ఉంచుకోమని నేను చెప్పలేను. వాళ్ళు రెండు మూడు క్వింటాళ్ళకు మించి తీసుకెళ్ళరు, మిగిలిన పంట మీకు భారమవుతుంది. అలాగని వాళ్ళను వదులుకోవద్దు. బేరగాడు వద్దని పక్కన పెట్టే కాయ ఒకటుంటుందని మీకు తెలుసు: చిన్న గుత్తులు, పలుచగా కట్టిన గుత్తులు, గోళీకాయంత కూడా ఊరని కాయ. బల్ల మీద అమ్మకానికి అవి పనికిరావు. రసానికి మాత్రం అవే మేలు, ఎందుకంటే రంగు, వాసన ఉండేది తొక్కలో. కాయ చిన్నదైనకొద్దీ కండకు తొక్క పాలు ఎక్కువ. గాలి ఆడే పలుచటి గుత్తిలో కుళ్ళు కూడా తక్కువ.

కాబట్టి బేరం కుదుర్చుకునేటప్పుడే ఒక అంచున రెండు మూడు వరసలు విడిగా అట్టిపెట్టుకోండి. ఆ వరసలకు కాయ సాగడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లంలో గుత్తులు ముంచే ఖర్చు అక్కర్లేదు. కోతకు వారం ముందు నీరు తగ్గించండి. ధర కిలోకు ఇంతని ముందే తేల్చి, సగం అడ్వాన్సుగా తీసుకోండి, ఎందుకంటే వాళ్ళ కోసం మీరు పది రోజులు అదనంగా కాయను కాపలా కాస్తున్నారు. ఆ పది రోజులూ పిట్టలు, కందిరీగలు, అకాల వాన, అన్నీ మీ నెత్తినే ఉంటాయి. ఈ మాట కొనేవాళ్ళకు కూడా చెబుతున్నాను: తోట దగ్గరికి వెళ్ళాక తూకం వేళ కిలోకు రెండు రూపాయలు తగ్గించమని పట్టుబట్టడం న్యాయం కాదు.

కోతరోజున పిల్లలు పందిరి తీగలు పట్టుకుని వేలాడకుండా చూడమని ముందే గట్టిగా చెప్పండి. కొమ్మ విరిగితే ఈ ఏటి గుత్తితో నష్టం ఆగదు. ఏళ్ళుగా పందిరి మీద పెంచి పాకించిన ఆ చేతికొమ్మ మీదే వచ్చే ఏటి కాయ కూడా ఆధారపడి ఉంటుంది. మనిషికో కత్తెర ఇచ్చి, మొదటి రెండు గుత్తులు మీరు కోసి చూపించండి.

ప్రశ్న: కిందటేడు పక్కింటివాళ్ళతో కలిసి 40 కిలోల ద్రాక్ష తెచ్చి రసం తీసి సీసాల్లో పోశాము. నాలుగో రోజు రాత్రి రెండు సీసాలు పెద్ద చప్పుడుతో పగిలాయి. మిగిలినవాటిలో అడుగున గాజుముక్కల్లాంటివి కనిపిస్తే భయపడి పారబోశాము. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: సీసాలు పగలడానికి కారణం రసం పులియడం. ద్రాక్ష తొక్క మీద పులియబెట్టే ఈస్టు ఎప్పుడూ ఉంటుంది. మన వేసవి వేడిలో పిండిన రసం ఒక్క రోజులోనే పొంగడం మొదలుపెడుతుంది. బిరడా బిగించిన సీసాలో, పులిసేటప్పుడు పుట్టే వాయువుకు దారి లేక సీసా పగిలింది. ఎవరికీ దెబ్బ తగలనందుకు సంతోషం. రసాన్ని కాచకుండా గది వేడిలో ఎన్నడూ మూత బిగించి ఉంచవద్దు.

కాయ తెచ్చిన రోజే కడిగి, తొడిమలు తీసి, స్టీలు గిన్నెలో చేత్తో నలపండి. గింజలు చితికితే వగరు వస్తుంది కనుక మిక్సీ వద్దు. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు ఈ పులుపుకు పనికిరావు. నల్లద్రాక్షయితే తొక్కలతో సహా 60, 65 డిగ్రీల వరకు వేడిచేసి పావుగంట ఉంచితే రంగు దిగుతుంది. మరగనివ్వకూడదు, మరిగితే జామ్ వాసన వస్తుంది. పలుచటి గుడ్డలో వడకట్టి, ఆ రసాన్ని ఫ్రిజ్‌లో రెండు రాత్రులు కదపకుండా ఉంచండి. పైన తేరిన రసాన్ని మాత్రం వంచి, మరిగే నీళ్ళలో ఉడికించి తీసిన సీసాల్లో రెండంగుళాలు ఖాళీ వదిలి పోయండి. పెద్ద గిన్నెలో అడుగున గుడ్డ పరిచి, సీసాలు నిలబెట్టి, మెడ దాకా నీళ్ళు పోసి, మూతలు వదులుగా ఉంచి వేడిచేయండి. లోపలి రసం 85 డిగ్రీలకు చేరాక 20 నిమిషాలు అదే వేడిలో ఉంచి, బయటికి తీసిన వెంటనే మూత బిగించండి. వంటింటి థర్మామీటరు లేకుండా ఈ పని చేయవద్దు. ఇంత చేసినా సీసాలను చల్లని చోటే దాచి, తెరిచినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేయండి. ఫ్రీజరులో చోటుంటే ప్లాస్టిక్ డబ్బాల్లో గడ్డకట్టించడం అన్నిటికంటే సులువు. తెరిచేటప్పుడు బుస్సుమని పొంగినా, పైన బూజు కనిపించినా ఆ సీసా రుచి కూడా చూడకుండా పారబోయండి.

మీరు గాజుముక్కలనుకున్నవి బహుశా గాజుముక్కలు కావు. ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి, రసం చల్లబడినప్పుడు పటికబెల్లం పలుకుల్లా అడుగున గడ్డకడుతుంది. దానివల్ల ఏ హానీ లేదు. ఈసారి ఒక పలుకు తీసి వేడినీళ్ళలో వేసి చూడండి: గాజయితే అలాగే ఉంటుంది, ఇది మెల్లగా కరిగిపోతుంది. సీసాను కుదపకుండా వంచి పోసి, చివరి రెండు చెంచాల రసం అడుగునే వదిలేస్తే చాలు.